సప్పుడు చెయ్యని పిల్ల

ఇంట్లో పిల్ల అన్నం మానేస్తే మనకు పూటలో తెలిసిపోతుంది. రెండో ముద్దకే కంచం పక్కకు జరిపితే "ఏమయిందే?" అంటూ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. అదే పిల్ల బడిలో మాట మానేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎన్నాళ్ళకు తెలుస్తుంది? తెలిసినవాళ్ళు ఆ తరవాత ఏం చేస్తారు? చూడటానికి చిన్న ప్రశ్నలే. వీటికి జవాబు వెతుక్కుంటూ లోకం నూటపాతికేళ్ళకు పైగా నడిచింది, మధ్యలో దారి తప్పింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆ నడక కథ మనబోటి తల్లులకు తెలిసి ఉండటం మంచిదని నాకనిపించింది.

మా నిర్మల్ వైపు నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నచోట పిల్లల ప్రసక్తి తెచ్చి చూడండి. "మా చిన్నది బంగారం వదినా, అసలు సప్పుడే చెయ్యది" అంటుందొకామె మురిసిపోతూ. "పెద్దోని తోటే పడలేకపోతున్న" అని ఆ వెంటనే ఒక నిట్టూర్పు. చూశారూ, సప్పుడు చేసేవాడు సమస్య, చెయ్యనిది బంగారం. ఇంటెడు చాకిరీ మధ్య అల్లరి చెయ్యని పిల్ల దొరకడం అదృష్టమే కదా అంటారా? నేనూ కాదనను. కాని ఈ 'బంగారం' అన్నమాటను కాసేపు కొంగున ముడివేసి ఉంచుకోండి. దానితో పని పడుతుంది.

మన పెద్దవాళ్ళకు పిల్లల మనసు సంగతి తెలియదనుకోవడం అన్యాయం. పిల్ల ఉన్నట్టుండి ముభావంగా ఉంటే, నిద్రలో ఉలికులికి పడితే, ఆడుకునే వేళ గడపమీద ఒంటరిగా కూర్చుంటే "దిష్టి తగిలింది" అనేవారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేవారు. మిరపకాయల ఘాటుకు దిగులు పారిపోతుందని నేను అనను. కాని దిష్టి తియ్యాలంటే ముందు పిల్లను చూడాలి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపెట్టాలి. పని పక్కన పెట్టి ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి. అదీ ఒక పరీక్షే! చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, ఆ పిల్ల పొద్దున్నే సంచీ తగిలించుకుని బడికి వెళ్ళి, సాయంత్రందాకా నలభై మందిలో ఒకతె అయిపోయినప్పుడు.

మా జిల్లాలోనే ఉంది బాసర. గోదావరి ఒడ్డున జ్ఞానసరస్వతి సన్నిధిలో వసంతపంచమినాడు అక్షరాభ్యాసాలు చూడాలి. ఎక్కడెక్కడినుంచో వచ్చిన తల్లిదండ్రులు, ఒళ్ళో కొత్తబట్టల పిల్లలు, చేతుల్లో కొత్త పలకలు. కలెక్టరుగారి మనవడయినా కూలి బిడ్డయినా దిద్దేది ఆ అక్షరాలే. వీడు చురుకు, వీడు మందం అన్న లెక్క అమ్మవారి దగ్గర లేదు. ఆ లెక్క బడి గుమ్మం దాటాకే మొదలవుతుంది. పిల్లలందరినీ ఒకే గదిలో, ఒకే గంటకు, ఒకే పాఠానికి కూర్చోబెట్టిన తరవాతే 'వీడు అందరిలా లేడు' అన్నమాట పుట్టింది.

ఆ మాట ఒక పంతులమ్మ నోట పుట్టిన కథ మొదట చెప్పాలి. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మార్గరెట్ మగ్వైర్ అనే ఉపాధ్యాయిని ఒక కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. అక్కడ లైట్నర్ విట్మర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడున్నాడు. కుర్రవాడికి పద్నాలుగేళ్ళు. తెలివితక్కువవాడేం కాదు, కాని ఎంత చెప్పినా మాటల్లో అక్షరాలు సరిగ్గా కూర్చలేడు. "మనసు గురించి ఇంత శాస్త్రం ఉందంటారే, ఈ పిల్లవాడికి అది పనికొస్తుందా?" అన్నదే ఆవిడ తెచ్చిన ప్రశ్న. విట్మర్ పరీక్షించి చూస్తే తేలిందేమిటి? అబ్బాయి కళ్ళలో లోపం. ముందు కళ్ళద్దాలు ఇప్పించి, ఆ పైన విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పించారు. చదువు మెరుగుపడింది. మనస్తత్వ శాస్త్రం పునాదిగా వెలిసిన మొట్టమొదటి చికిత్సాలయం అదే. అక్కడికి వచ్చిన మొదటి పిల్లవాడికి ముందు కావలసివచ్చింది మందూ కాదు, మంత్రమూ కాదు, ఒక జత కళ్ళద్దాలు! మొద్దు అన్న పేరు వెనక ఏముందో చూడకుండా ఆ పేరు ఖాయం చెయ్యకూడదని దీన్నిబట్టి తెలుస్తోంది కదూ?

ఇక పారిస్ సంగతి. 1882లో ఫ్రాన్సు ప్రభుత్వం పిల్లలందరికీ ప్రాథమిక విద్య తప్పనిసరి చేసింది. అంతకుముందు బడి మొహం చూడనివాళ్ళంతా వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. పాఠం అందుకోలేని పిల్లలెవరో గుర్తించి, వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పే ఏర్పాటు చెయ్యాలని 1904లో ఒక సంఘాన్ని వేశారు. గుర్తించడం ఎలా? ఒక డాక్టరు ఒకటంటే ఇంకో డాక్టరు ఇంకోటి అనేవాడు. పంతుళ్ళేమో తమను విసిగించేవాడి పేరు ముందు రాసేవారు. అప్పుడు ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ అనే ఇద్దరు కలిసి 1905లో ముప్పై చిన్న పరీక్షలు తయారుచేశారు. మొదటిది మరీ సులువు. వెలుగుతున్న అగ్గిపుల్లను కళ్ళముందు అటూ ఇటూ తిప్పితే చూపు దాని వెంట వెళుతోందా అని చూడటం. తరవాత తరవాత బొమ్మలో వస్తువులు చూపించడం, చెప్పిన అంకెలు తిరిగి చెప్పడం, ఇచ్చిన మాటలతో వాక్యం అల్లడం, ఇలా మెట్టు మెట్టుగా కష్టమవుతాయి.

ఈ బినే గారు పిల్లలను చూడటం నేర్చుకున్నది ప్రయోగశాలలో కాదు, ఇంట్లో. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు, మద్లెన్, ఆలీస్. నడక వచ్చే వయసులో పెద్దది కుర్చీ పట్టుకుని నిలబడి, ఇంకో ఆసరా చేతికందే దూరంలో ఉందని నమ్మకం కుదిరితేనే అడుగు వేసేదట. చిన్నది నవ్వుకుంటూ గది మధ్యకు సాగిపోయేది, పడతానేమో అన్న బెంగ లేకుండా. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు! ఇద్దరు పిల్లలను పెంచిన ఏ తల్లికైనా తెలిసిన సంగతే ఇది. ఆయన గొప్పతనం దాన్ని కాగితం మీద పెట్టి, ఈ తేడా లోపం కాదని గ్రహించడంలో ఉంది.

తన పరీక్ష ఎందుకో బినేకి స్పష్టంగా తెలుసు. వెనకబడిన పిల్లను పట్టుకోవడం, పట్టుకుని సాయం చెయ్యడం. తెలివి అనేది పుట్టుకతో కొలిచి పోసిన వస్తువనీ, ఇక పెరగదనీ అనేవాళ్ళను 1909లో రాసిన పుస్తకంలో ఆయన గట్టిగా ఖండించారు. ప్రత్యేక తరగతుల పిల్లలకు దృష్టి నిలవడం అలవాటు కావాలని ఆటలు పెట్టించారు. అందులో ఒకటి, సైగ చెయ్యగానే ఉన్నవాళ్ళు ఉన్నట్టు కదలకుండా నిలబడిపోవడం. మన పిల్లలు వీధిలో 'స్టాచ్యూ' అని ఆడుకుంటారే, అచ్చంగా అదే!

1911లో బినే చనిపోయారు. ఆ పరీక్షలు అప్పటికే అట్లాంటిక్ సముద్రం దాటాయి. ఇక్కడే కథ దారి తప్పింది. వాటిని అమెరికాకు తీసుకెళ్ళిన హెన్రీ గోడార్డ్ అనే ఆయన తెలివి రక్తంలోనే ఉంటుందనీ, మారదనీ నమ్మాడు. న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపంలో ఓడ దిగే పరదేశీయుల మీద 1913లో ఆయన సహాయకులు ఈ పరీక్షలు పెట్టారు. యూదులు, ఇటాలియన్లు, హంగేరియన్లు, రష్యన్లు. మూడో తరగతి టిక్కెట్టు మీద రోజుల తరబడి సముద్రం మీద ఊగివచ్చినవాళ్ళు, ఆ దేశపు భాష రానివాళ్ళు, కలం పట్టి ఎరగనివాళ్ళు ఎందరో అందులో ఉన్నారు. పరీక్షించినవాళ్ళలో నూటికి ఎనభై మంది దాకా మందబుద్ధులని తేల్చారు! ఆ నాలుగు జాతుల పెద్దలను మన నిర్మల్ బస్టాండులో దింపి తెలుగులో పొడుపుకథ విప్పమంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది. తరవాతి కాలంలో గోడార్డ్ తానే తన అభిప్రాయాలను చాలావరకు మార్చుకున్నాడు. కాని పడ్డ ముద్ర తుడుచుకోవడం ముద్ర వేసినంత తేలిక కాదు. సాయానికని పుట్టిన పరీక్ష జనాన్ని ఏరి పారేసే పనికి వెళ్ళిపోయింది.

మన వంటింటి భాషలో చెప్పనా? మనకు జల్లెడా ఉంది, చేటా ఉంది. పిండి జల్లించి మిగిలిన పొట్టు అవతల పోస్తాం. బియ్యం చెరిగేటప్పుడు మాత్రం చేటలోంచి జారిన గింజ కనపడితే వంగి ఏరి మళ్ళీ చేటలో వేసుకుంటాం. బినే చెప్పింది ఆ జారిన గింజను ఏరుకోమని. తరవాతివాళ్ళు జల్లెడ పట్టారు.

మన దేశంలోనూ ఈ పరీక్షలు త్వరగానే అడుగుపెట్టాయి. లాహోరు ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన సి. హెర్బర్ట్ రైస్ 1929లో వీటికి హిందుస్తానీ రూపం ప్రకటించారు. ధార్వాడ ప్రాంతంలో వి. వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు పనికొచ్చేట్టు మార్చారు. ఇది తర్జుమా చేసేస్తే సరిపోయే పని కాదు. నెగడి చుట్టూ చలి కాగే పిల్లలకు మంచు బొమ్మ చూపిస్తే ఏం లాభం? ప్రశ్న పిల్లవాడి ఇంటిలోంచి రావాలి. ఇక ఊరికే తెలివి కొలవడం కాక, పిల్లల మనసులోని కష్టం వినడానికని బొంబాయిలో దొరాబ్జీ టాటా పేరిట నడిచే సాంఘిక సేవా విద్యాలయంవారు 1937లో ఒక బాలల మార్గదర్శక కేంద్రం తెరిచారు. పిల్లతోపాటు తల్లినీ, పంతులునూ కూర్చోబెట్టి మాట్లాడటం అక్కడి పద్ధతి.

అప్పట్లో మా ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది. మనసుకు జబ్బు అంటే అప్పటివాళ్ళకు తెలిసింది జాల్నాలోని పిచ్చాసుపత్రి. 1953లో దాన్ని హైదరాబాదు ఎర్రగడ్డకు మార్చారు. అప్పటినుంచీ 'ఎర్రగడ్డ' అన్న ఊరిపేరే తిట్టయి కూర్చుంది. "నిన్ను ఎర్రగడ్డకు తోలాలె" అని పిల్లలు కూడా ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు. నవ్వులాటే గాని, దాని ఖరీదు తక్కువ కాదు. పిల్ల ముభావంగా ఉంటోందని టీచరు కబురుచేస్తే, "మా పిల్లకు పిచ్చి అంటున్నరు" అని తల్లి వెక్కివెక్కి ఏడ్చే పరిస్థితి అక్కడినుంచి వచ్చిందే. కన్ను మసకేస్తే కళ్ళద్దం, మనసు మసకేస్తే ఎర్రగడ్డ! మధ్యలో ఎన్ని మెట్లున్నాయో మనకు ఎవరూ చెప్పలేదు.

అయితే అదే నిజాం రాజ్యంలో, అదే మా ఆదిలాబాదు అడవుల్లో, ఒక మంచిపని జరిగింది. 1940లో కొమురం భీం పోరాటం నెత్తురులో ముగిశాక, గోండుల కష్టమేమిటో తెలుసుకోవడానికి ప్రభుత్వం క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుణ్ణి నియమించింది. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్తూ మార్లవాయి అనే గోండు పల్లెలో కాపురం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడికి అక్షరం మొదట తన ఇంటి భాషలో అందాలన్నది ఆలోచన. ఇది మనసు పరీక్ష కాదు, నిజమే. కాని ఎల్లిస్ ద్వీపంలో తప్పింది సరిగ్గా ఇదే. అడవి పల్లెనుంచి వచ్చిన పిల్ల తెలియని భాషలో ప్రశ్న వేస్తే తెల్లమొగం వేస్తుంది. ఆ తెల్లమొగానికి తెలివితక్కువ అనో, మానసిక లోపం అనో పేరుపెట్టడం క్షణం పని. ఇంట్లో గోండీ, కోలామీ మాట్లాడే పిల్లలు ఇవాళ కూడా మా జిల్లా బడుల్లో, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉన్నారు. వాళ్ళ మౌనంలో బెంగ ఎంత, భాష ఎంత అన్నది తేల్చడానికి వాళ్ళ మాట తెలిసిన మనిషి ఒకరు కావాలి.

మౌనం అన్నాం కనక, ఇక కొంగుముడి విప్పుదాం. 1928లో అమెరికాలో ఇ. కె. విక్‌మన్ అనే పరిశోధకుడు ఒక పని చేశాడు. పిల్లల్లో కనిపించే 50 రకాల ప్రవర్తనలు రాసి, ఏది ఎంత ప్రమాదమో చెప్పండని 511 మంది ఉపాధ్యాయులకు ఇచ్చాడు. అదే జాబితా పిల్లల మనసు వైద్యం తెలిసిన 30 మందికీ ఇచ్చాడు. ఉపాధ్యాయుల జాబితాలో పైన ఉన్నవి దొంగతనం, అబద్ధాలు, బడి ఎగ్గొట్టడం, వయసుకు మించిన ఆడామగా వ్యవహారాలు, ఎదురు తిరగడం లాంటివి. నలుగురితో కలవకపోవడం, సిగ్గు, భయం ఎక్కడో కింద ఉన్నాయి. వైద్యం తెలిసినవాళ్ళ జాబితా దాదాపు తలకిందులు. వాళ్ళకు అన్నిటికంటె ఆందోళన కలిగించినవి ఒంటరిగా ఉండిపోవడం, అనుమానం, దిగులు, లోలోపల కసి, భయం. గోల చేసేవాడు కాదు, సప్పుడు చెయ్యనివాడు!

న్యాయంగా చెప్పాలంటే రెండు జట్లకూ అడిగిన తీరు ఒకటి కాదు. ఉపాధ్యాయులను ఇప్పటి ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని చెప్పమన్నారు, రెండోవాళ్ళను పిల్ల భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని చెప్పమన్నారు. దాన్ని తరవాతివాళ్ళు ఎత్తిచూపారు. మళ్ళీ చేసిన పరిశీలనల్లో ఆ అంతరమూ తగ్గింది. అయినా అసలు మాట మిగిలే ఉంది. తరగతిలో ఎవరి వల్ల మన పని ఆగుతుందో వాళ్ళు మన కంట పడతారు. తమ పని ఆగిపోయినవాళ్ళు పడరు. ఆడపిల్లయితే మరీనూ. మొగపిల్లవాడు ముడుచుకుని కూర్చుంటే కనీసం "ఏంరా, గట్లున్నవ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆడపిల్ల ముడుచుకుంటే అణకువ అంటాం, నెమ్మది అంటాం, బంగారం అంటాం. సప్పుడు చెయ్యని పిల్లలందరికీ దిగులుందని కాదు సుమా! స్వతహాగా తక్కువ మాట్లాడే పిల్లలు హాయిగా ఉంటారు, వాళ్ళ లోకం వాళ్ళకు నిండుగా ఉంటుంది. నిన్నటిదాకా మాట్లాడి ఇవాళ మానేసిన పిల్ల వేరు.

మరి అయితే బడికి వెళ్ళి పిల్లలందరికీ ఒక ప్రశ్నల కాగితం పంచితే సరిపోదా? దీనికి 1968లోనే ఒక మంచి జవాబు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ఏ జబ్బుకయినా సామూహిక పరీక్ష పెట్టేముందు చూసుకోవలసిన పది సూత్రాలు రాశారు. అందులో ముఖ్యమైనవి, బయటపడిన జబ్బుకు చికిత్స ఉండాలి, ఆ చికిత్స చేసే చోటూ ఉండాలి. లేకపోతే పరీక్షించి ప్రయోజనమేమిటి? పిల్ల చేతికి ఒక చీటీ ఇచ్చి పంపినట్టే.

ఒక చిన్న లెక్క వేద్దాం, పాలవాడి లెక్కకంటె కష్టం కాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు చెప్పింది. మన లెక్కకు నూటికి ఏడుగురు అనుకుందాం. వెయ్యి మంది పిల్లలకు ప్రశ్నల కాగితం పంచాం. ఆ కాగితం బాధ ఉన్నవాళ్ళలో నూటికి ఎనభై మందిని పట్టుకుంటుందనీ, బాధ లేనివాళ్ళలో నూటికి ఇరవై మందిని పొరపాటున పట్టుకుంటుందనీ అనుకుందాం. నిజంగా బాధ ఉన్న 70 మందిలో 56 మంది దొరుకుతారు, 14 మంది జారిపోతారు. బాధ లేని 930 మందిలో 186 మంది ఊరికే చిక్కుకుంటారు. మొత్తం చిక్కిన 242 మందిలో అసలు బాధ ఉన్నవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు! అంటే ఆ కాగితం తీర్పు కాదు, తలుపు తట్టడం మాత్రమే. తట్టాక లోపలికి వెళ్ళి ఒక్కొక్క పిల్లతో మాట్లాడే మనిషి లేకపోతే, 186 మంది ఇళ్ళల్లో అనవసరంగా ఏడుపు, 14 మంది ఇళ్ళల్లో అనవసరంగా నిశ్చింత.

మన దగ్గర ఆ మనుషులు ఎప్పుడు వచ్చారు? బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు బళ్ళారి జిల్లాలో 1985 ప్రాంతంలో చేసి చూపించిన పద్ధతి ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దేశంలో తొలివిడత నాలుగే జిల్లాలు. అందులో ఒకటి మన మెదక్. మనసుకు వైద్యం జిల్లా ఆసుపత్రిలో, మామూలు చీటీ మీద దొరకాలన్నది దాని ఉద్దేశం. ఎర్రగడ్డకూ ఇంటికీ మధ్య మెట్లు కట్టడమన్నమాట. 2010 నవంబరు 14న, బాలల దినోత్సవంనాడు, ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష వచ్చింది. 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టిన బిడ్డ దగ్గరనుంచి పద్దెనిమిదేళ్ళదాకా ముప్పై రకాల సమస్యలు చూడాలని పెట్టుకున్నారు. డాక్టర్లూ నర్సమ్మా ఉన్న బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తుంది. వాళ్ళు కన్ను, పన్ను, గుండెతోపాటు మాట ఆలస్యం, చదువులో ప్రత్యేకమైన ఇబ్బంది, ఆటిజం, నిలకడలేమి వంటివీ చూస్తారు. ఎదిగిన పిల్లల విషయంలో దిగులుగా ఉంటోందా అన్నది కూడా కనుక్కోవాలి.

ఏడాదికి ఒక్కరోజు, వందలమంది పిల్లలు, వరస కదులుతుంటే పరిచయంలేని డాక్టరమ్మ "నీకు దిగులుగా ఉంటదా?" అని అడిగితే, ఏ పిల్ల అయినా ఏం చెబుతుంది? వెనక నిలబడ్డ నేస్తం వింటోందాయె! "లేదు మేడం" అంటుంది. అందుకని ఆ బృందాన్ని తప్పుపట్టలేం. వాళ్ళు తలుపు తట్టేవాళ్ళు. తలుపు లోపలివైపు ఉండవలసినవాళ్ళం మనం.

ఇది ఊసుపోక చెబుతున్న కబురు కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజుల్లో తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కాలంలోనే తెలుగు పరీక్షలో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయి కాగితం మళ్ళీ చూస్తే 99 మార్కులు తేలాయి. ఒక అంకె ఎంత తప్పు కావచ్చో, ఎంత నమ్మించగలదో చూడండి. మనం ఎన్ని పరీక్షలు పెడతాం పిల్లలకు! సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు. మనసుకు వారం లేదు. ఏ ఒక్క కారణానికీ ఒక ప్రాణాన్ని ముడిపెట్టి చెప్పలేం. కాని ఫలితాలకు ముందు వారాల్లో ఆ ఇళ్ళల్లో కూడా ఏ పిల్లో రెండో ముద్దకు కంచం జరిపే ఉంటుందనిపించి నా గొంతు పట్టుకుంటుంది.

బ్రిటన్‌లో రాబర్ట్ గుడ్‌మన్ అనే వైద్యుడు 1997లో తయారుచేసిన ఒక ప్రశ్నావళి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. మొత్తం పాతిక వాక్యాలు. ఇరవై బెంగ, కోపం, నిలకడలేమి, నేస్తాలతో పేచీల గురించి. మిగతా అయిదూ మంచి గురించి. ఎవరికయినా దెబ్బ తగిలితే సాయానికి వెళ్తుందా, తనదాంట్లోంచి పంచిపెడుతుందా, చిన్నపిల్లలతో దయగా ఉంటుందా అని. నాకు ఆ అయిదు వాక్యాలూ ఎంతో నచ్చాయి. పిల్లలో ఏం చెడిందో వెతికేటప్పుడు ఏం చెడలేదో కూడా రాసుకోవాలి. మా నిర్మల్ బొమ్మలు చేసేవాళ్ళు పొణికి కర్ర ముక్కలను చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి అతుకుతారు. ఆ పొట్టు ఎక్కడిదో కాదు, ఆ కర్ర కోసినప్పుడు రాలిందే. పిల్ల మనసును అతకడానికి కావలసినదీ చాలావరకు ఆ పిల్ల దగ్గరే ఉంటుంది.

ఇంతకూ మనం చెయ్యగలిగిందేమిటంటారా? డాక్టర్లం కానక్కర్లేదు. రెండు వారాలు దాటి పిల్ల నిద్ర, ఆకలి, ఆట, మాట మారిపోయి ఉంటే, "వయసు అది" అని వదిలెయ్యకుండా పక్కన కూర్చోవడం. ముందు కన్నూ చెవీ చూపించడం, విట్మర్ గారి కుర్రవాణ్ణి తలుచుకుని. సిగ్గుపడకుండా జిల్లా ఆసుపత్రికి వెళ్ళడం. 2022 అక్టోబరునుంచి టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది. ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పాలచీటీ వెనకో, క్యాలెండరు మీదో రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల కాగితం మీద సంతకం పెట్టి లేచిరాకండి. "టీచరమ్మా, మా పిల్ల మధ్యాహ్నం అన్నం ఎవరి పక్కన కూర్చుని తింటుంది?" అని అడగండి. ఆవిడ వెంటనే చెబితే సంతోషించి ఇంటికి రండి. చెప్పలేకపోతే ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి, నలభై మంది ఆమెకు. రేపు మధ్యాహ్నం ఒకసారి చూసి చెప్పమనండి. ఆ చూసేటప్పుడు ఆవిడకు మీ పిల్లతోపాటు, ఒంటరిగా కూర్చుని తింటున్న ఇంకెవరి పిల్లో కూడా కనపడుతుంది.